ఫోర్క్‌లిఫ్ట్ హెచ్చరిక ఎవరి చెవికి, ఎవరి కంటికి?

హైదరాబాద్ నుంచి మేడ్చల్ వైపు వెళ్లినా, శంషాబాద్ వైపు వెళ్లినా రోడ్డు పక్కన పెద్ద పెద్ద రేకుల గోడౌన్లు వరసగా కనిపిస్తాయి. విశాఖ రేవు దగ్గరా, శ్రీసిటీలోనూ అంతే. వాటిలో సగం పని ఫోర్క్‌లిఫ్ట్ మీదే నడుస్తుంది. పదిమంది హమాలీల వీపు మీద పడాల్సిన బరువును అది ఒక్క ప్యాలెట్‌తో ఎత్తి ర్యాక్‌లో పెడుతుంది. అది చేసే మేలు చిన్నది కాదు. అయితే ఆ యంత్రం మనిషికి తగిలితే జరిగే నష్టమూ చిన్నది కాదు. రెండున్నర టన్నులు ఎత్తే మామూలు ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే మూడున్నర, నాలుగు టన్నుల దాకా ఉంటుంది. ముందు ఎత్తిన సరుకుకు బండి తలకిందులు కాకుండా వెనక అమర్చే ఇనుప దిమ్మె వల్లే అంత బరువు. సరుకుతో కలిపితే ఆరు టన్నులు దాటుతుంది. నెమ్మదిగా వచ్చి తగిలినా కాలు నుజ్జవుతుంది, గోడకూ బండికీ మధ్య చిక్కితే ప్రాణమే పోతుంది.

అందుకే యజమానులు అలారాలు, లైట్లు కొంటున్నారు. కొనడం మంచిదే. కానీ చాలాచోట్ల ఎంపిక ‘ఎంత గట్టిగా మోగుతుంది, ఎంత మెరుస్తుంది’ అన్న రెండు మాటల మీదే జరిగిపోతుంది. వాటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. బండి వస్తోందని ఎవరికి తెలియాలి? ఆ మనిషి ఆ క్షణాన ఎక్కడ, ఏ పనిలో ఉంటాడు? తెలిశాక తప్పుకోవడానికి అతనికి వ్యవధి, చోటు ఉన్నాయా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ సామగ్రి కొనాలో దాదాపు తేలిపోతుంది.

ప్రమాదం ఎక్కడ పుడుతుంది?

డ్రైవర్ ముందు సరుకును పైకెత్తే మాస్ట్ ఉంటుంది. దాని నిలువు కమ్మీలు, గొలుసులు, హైడ్రాలిక్ పైపులు ఎప్పుడూ అతని చూపుకు కొంత అడ్డే. ఫోర్కుల మీద అట్టపెట్టెల దొంతర ఎక్కితే ముందు ఏమీ కనిపించదు. అలాంటప్పుడు బండిని వెనక్కి నడపాలి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన కూడా ఇదే చెబుతుంది: సరుకు ముందుచూపును కప్పేస్తే, సరుకు వెనక వచ్చేలా నడపాలి. దారులు కలిసేచోట వేగం తగ్గించి హారన్ కొట్టాలి. అంటే ఫోర్క్‌లిఫ్ట్‌కు రివర్స్ అప్పుడప్పుడు వేసే గేరు కాదు, రోజులో పెద్ద భాగం దాని నడక అదే. డ్రైవర్ మెడ తిప్పి ఒక భుజం మీదుగా చూస్తూ నడుపుతాడు, రెండో వైపు అతనికి సరిగా కనిపించదు.

రెండో సంగతి స్టీరింగ్. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి, ఫోర్క్‌లిఫ్ట్‌కు వెనక చక్రాలు. ముందుభాగం ఎడమకు తిరిగితే వెనకనున్న ఇనుప దిమ్మె కుడివైపుకు విసురుగా వస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి ‘బండి నా నుంచి అటు వెళుతోంది కదా’ అనుకుంటాడు. అతను చూస్తున్నది ఫోర్కుల వైపు, దెబ్బ వచ్చేది తోక వైపు నుంచి.

మూడోది నిశ్శబ్దం. డీజిల్ బండి వస్తుంటే ఇంజిన్ మోతే ముందుగా చెప్పేది. బ్యాటరీ బండ్లు పెరిగాక ఆ మోత పోయింది. చెవికి, ఊపిరికి ఇది మంచి మార్పే, కానీ వచ్చేది తెలియకుండా వస్తుంది.

ఇక బండి చుట్టూ తిరిగే మనుషులు. తల మీద బస్తా ఉన్న హమాలీకి పక్కచూపు ఉండదు, చెవి కూడా సగం మూసుకుపోతుంది. అతని కళ్లు అడుగు వేసే నేల మీదే ఉంటాయి. స్కానర్ పట్టుకుని ర్యాకుల మధ్య తిరిగే అమ్మాయి దృష్టి లేబుళ్ల మీద ఉంటుంది. లారీ దిగి బిల్లు కోసం వచ్చిన డ్రైవర్‌కు, క్లీనర్‌కు ఆ గోడౌన్ దారులే తెలియవు. ఒడిశా నుంచో బిహార్ నుంచో నిన్న వచ్చిన కూలీకి తెలుగు రాదు. హెచ్చరిక వీళ్లందరికీ చేరాలి.

ముందు దారి, తర్వాతే దీపం

అలారం ప్రమాదాన్ని ఆపదు, ప్రమాదం వస్తోందని చెబుతుంది. తప్పుకునే బాధ్యతను నడిచేవాడి మీద పెడుతుంది. అందుకే భద్రత తెలిసినవాళ్లు దాన్ని మొదటి మెట్టుగా ఎప్పుడూ చూడరు. మనుషులు నడిచే దారి వేరు, బండి దారి వేరు అయితే చాలా హెచ్చరికల అవసరమే ఉండదు. నేల మీద పసుపు గీత గీస్తే సరిపోదు, ఇనుప రైలింగ్ ఉండాలి. బండ్లు వెళ్లే షట్టర్ పక్కనే మనుషులకు విడిగా ఒక తలుపు ఉండాలి. మూలల్లో సరుకు పేర్చకూడదు, మలుపుల దగ్గర కుంభాకారపు అద్దాలు పెట్టాలి. వీలైతే దారులు ఒకే దిశలో నడిచేలా చేయాలి. ఇవన్నీ చేశాక కూడా మనిషీ బండీ కలిసే చోట్లు కొన్ని మిగులుతాయి: లోడింగ్ డాక్, ర్యాకు చివరి మలుపు, బ్యాటరీ చార్జింగ్ గది ముందు. అలారాలు, లైట్లు అక్కడి కోసం.

మోత: ఎంత, ఎలాంటిది?

రివర్స్ అలారాల మీద డెసిబెల్ అంకె ఉంటుంది. అమెరికా వాహన ఇంజినీర్ల సంఘం ప్రమాణం ఎస్ఏఈ జె994 వీటిని 112, 107, 97, 87, 77 డెసిబెల్స్ అని తరగతులుగా విడదీసింది. ఆ అంకె అలారానికి 1.2 మీటర్ల దూరంలో కొలిచినది. మనిషి నిలబడేది అక్కడ కాదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 97 డెసిబెల్స్ అలారం 2.4 మీటర్ల దగ్గర 91, 4.8 మీటర్ల దగ్గర 85, 9.6 మీటర్ల దగ్గర 79 అవుతుంది.

మరి ఎంత ఉండాలి? ప్రమాద సంకేతాల గురించి చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7731 ప్రకారం సంకేతం చుట్టూ ఉన్న మోత కన్నా 15 డెసిబెల్స్ ఎక్కువగా వినిపిస్తే స్పష్టంగా అందినట్టు, ఎక్కడా 65కు తగ్గకూడదు. మీ గోడౌన్‌లో మామూలు మోత 75 ఉందనుకుందాం. మనిషి చెవి దగ్గర 90 కావాలి. 97 తరగతి అలారం ఆ స్థాయిని రెండున్నర మీటర్ల దాకానే నిలబెట్టగలదు. 107 తరగతిదైతే 8 మీటర్ల దాకా నిలబెడుతుంది. మూసిన గోడౌన్‌లో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి ఇంత త్వరగా తగ్గదు, కానీ లెక్క మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే.

అలాగని అందరూ 107కో 112కో పోతే వేరే నష్టం మొదలవుతుంది. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల పనికి మోత పరిమితి 90 డెసిబెల్స్. బండి పక్కనే ప్యాకింగ్ చేసేవాళ్లు రోజంతా ఆ కూత భరించాలి. నాలుగు బండ్లు ఒకేసారి కూస్తుంటే ఏది ఎటు నుంచి వస్తోందో తెలియదు. వారం తిరిగేసరికి ఎవరూ తల తిప్పరు. ఎప్పుడూ మోగే గంట ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ అలవాటు ఏర్పడ్డాక ఎంత ఖరీదైన అలారమైనా దండగే.

దీనికి రెండు మంచి మార్గాలున్నాయి. ఒకటి, చుట్టూ మోతను తానే విని దానికి తగినట్టు తన గొంతు పెంచుకునే, తగ్గించుకునే అలారం. పగటి హడావిడిలో గట్టిగా, రాత్రి షిఫ్టులో మెల్లగా మోగుతుంది. రెండోది, శబ్దపు రకం మార్చడం. మనకు అలవాటైన ‘బీప్ బీప్’ ఒకే స్వరం, సాధారణంగా 1000 హెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటూ. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మెదడు తేల్చుకునేది రెండు చెవులకూ అది చేరే సమయంలో, గట్టిదనంలో ఉండే తేడాను బట్టి. ఒకే స్వరం, అందులోనూ ఆ స్థాయి స్వరం, ఈ రెండు ఆనవాళ్లనూ సరిగా ఇవ్వదు. గోడలకు తగిలి తిరిగొచ్చే అలలతో కలిసి ఒకచోట గట్టిగా, అడుగు పక్కకు జరిగితే పల్చగా వినిపిస్తుంది. ‘ష్ష్... ష్ష్’ అని వినిపించే బ్రాడ్‌బ్యాండ్ అలారంలో ఎన్నో స్వరాలు కలిసి ఉంటాయి. చెవికి ఆనవాళ్లు ఎక్కువ దొరుకుతాయి, దిక్కు త్వరగా తెలుస్తుంది. కెనడాలోని క్విబెక్ వృత్తి భద్రతా పరిశోధకులు 2013లో ప్రచురించిన పరిశీలనలో ఈ రకం శబ్దం వాహనం వెనక మరింత సమంగా పరుచుకుంటుందనీ, దిక్కు గుర్తించడం తేలికనీ తేలింది. గోడౌన్ పక్కన ఇళ్లుంటే వాళ్లకూ ఇది ఊరట, ఎందుకంటే దూరం వెళ్లేసరికి మామూలు రొదలో కలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్లకు ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. ఇయర్‌ప్లగ్గులు కూడా పై స్వరాలనే ఎక్కువగా ఆపుతాయి. కాబట్టి సన్నగా, కీచుమని మోగేదాన్ని నమ్ముకోకూడదు. ఐఎస్ఓ ప్రమాణం 500 నుంచి 2500 హెర్ట్జ్ మధ్య స్వరాలు ఉండాలని చెప్పడంలో అర్థం ఇదే. మాటల్లో హెచ్చరించే అలారాలు కూడా అమ్ముతున్నారు. మూడు భాషల మనుషులు పనిచేసే చోట ఒక భాషలో మాట్లాడే పెట్టె కొందరికే ఉపయోగం.

హారన్‌ను మాత్రం మరచిపోకండి. తక్కిన పరికరాలన్నీ వాటంతట అవే మోగుతాయి. హారన్ ఒక్కటే డ్రైవర్ చూసి, ఆలోచించి ఇచ్చే హెచ్చరిక. అది సరిగా పనిచేయని బండిని పనిలోకి దించకూడదు.

వెలుగు: నేల మీదా, తల పైనా

బండి పైకప్పు మీద తిరిగే లేదా మిణుకుమనే పసుపు బీకన్ ‘ఇక్కడ యంత్రం ఉంది’ అని దూరానికి చెబుతుంది. ఎటు వెళుతుందో చెప్పదు. ర్యాకుల వెనక ఉంటే కనిపించదు. యార్డులో, వెడల్పాటి హాల్లో దాని ఉపయోగం ఎక్కువ. సెకనుకు ఒకటి రెండుసార్లు మెరిస్తే చాలు. మరీ వేగంగా మెరిసే లైట్లు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం, తెల్ల గోడల మధ్య డ్రైవర్ కళ్లనే చికాకు పెడతాయి.

నీలి స్పాట్ లైటు పని వేరు. అది బండి ముందో వెనకో కొన్ని మీటర్ల దూరంలో నేల మీద ఒక నీలి మచ్చ వేస్తుంది. బండి మలుపు తిరగకముందే ఆ మచ్చ ర్యాకు చివర దాటి అవతలి దారిలో పడుతుంది. తల మీద బస్తాతో నేల చూస్తూ నడిచే హమాలీకి, ఫోను చూస్తూ నడిచే కుర్రాడికి, ఇయర్‌ప్లగ్ పెట్టుకున్నవాడికి దీనికన్నా నేరుగా చేరే హెచ్చరిక లేదు.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. గంటకు 10 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 2.8 మీటర్లు. డ్రైవర్ మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పడితే అంతలో 2.8 మీటర్లు పోయినట్టే. సరుకు ఎత్తిన బండికి గట్టిగా బ్రేకు వేస్తే సరుకు జారుతుంది, కాబట్టి మెల్లగానే ఆపాలి. దానికి మరో రెండున్నర మీటర్లు. మొత్తం అయిదు మీటర్లు దాటింది. నీలి మచ్చ సరుకు కొనకు అయిదు మీటర్ల ముందు పడితే నడిచేవాడికి దొరికే వ్యవధి రెండు సెకన్ల లోపే. వేగం 5 కిలోమీటర్లకు తగ్గించండి. బండి మొత్తం రెండు మీటర్లలో ఆగుతుంది. అదే మచ్చ నడిచేవాడికి మూడున్నర సెకన్ల వ్యవధి ఇస్తుంది. లైటు మార్చలేదు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. మలుపుల దగ్గర వేగ పరిమితి పెట్టి దాన్ని పాటింపజేయడం ఏ దీపం కన్నా పెద్ద రక్షణ.

అమర్చేటప్పుడు దూరం ఎక్కడి నుంచి కొలుస్తారన్నది చూడండి. లైటు బండి పైకప్పు దగ్గర ఉంటుంది. మాస్ట్, దాని ముందు మీటరుకు పైగా ఉండే ఫోర్కులు లైటుకు ఎంతో ముందుంటాయి. లైటు నుంచి అయిదు మీటర్లు అని బిగిస్తే సరుకు కొన నుంచి మిగిలేది మూడు మీటర్ల చిల్లరే. టేపు ఎప్పుడూ ఫోర్కుల కొన నుంచే పట్టాలి.

పక్కల నేల మీద ఎర్ర గీతలు వేసే లైట్లు ‘ఈ గీత లోపలికి రావద్దు’ అని చెబుతాయి. సాధారణంగా బండి నుంచి మీటరు దూరంలో గీత పడేలా బిగిస్తారు. వెనక వంపుగా ఎర్ర గీత వేసే లైటు ఇందాక చెప్పుకున్న తోక విసురుకు సరైన జవాబు. బండి చుట్టూ మనుషులు నిలబడి పనిచేసే డాకుల దగ్గర నీలి మచ్చ కన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి. అయితే ఎరుపు గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు నల్లని నేల మీద ఎర్ర గీత మసకగా ఉంటుంది. ఎరుపు, నీలం రెండూ వాడటం మేలు.

ముందు తెల్లటి వర్క్ లైటు మరీ శక్తిమంతంగా ఉంటే నీలి మచ్చ ఆ వెలుగులో కరిగిపోతుంది. రెండూ వెలిగించి చూశాకే బిగించాలి.

చోటును బట్టి మార్పులు

మిట్టమధ్యాహ్నం ఎండలో నేల మీద ఏ మచ్చా కనిపించదు. యార్డులో, లారీలు నిలిచే చోట బీకన్, మోత, నిర్ణీత దారి, ఇవే దిక్కు. ఎండలోంచి ఒక్కసారిగా గోడౌన్‌లోకి అడుగుపెట్టిన మనిషికి కాసేపు లోపల ఏమీ కనిపించదు. షట్టర్ లోపలి మొదటి పది అడుగుల్లో దీపాలు బాగా వెలగాలి, బండి అక్కడ ఆగి హారన్ కొట్టి కదలాలి.

రొయ్యలు నిల్వచేసే శీతల గదుల్లో ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉంటుంది. మనుషులు చెవులు కప్పే టోపీలు పెట్టుకుంటారు, కూలింగ్ ఫ్యాన్ల హోరు ఆగదు. అక్కడ మోత మీద ఆధారపడలేం. బండి బయటికి వస్తూ లోపలికి పోతూ ఉంటే లైటు అద్దం మీద తేమ పడుతుంది. నీరు చొరబడకుండా సీల్ చేసిన ఐపీ 67 స్థాయి లైటు తీసుకుని, అద్దం తుడవడం డ్రైవర్ పనుల్లో చేర్చాలి.

పెయింట్లు, సాల్వెంట్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నచోట మామూలు లైటు, అలారం బిగించనే కూడదు. నిప్పురవ్వ బయటికి రాని, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ‘పెసో’ ఆమోదం ఉన్న పరికరాలు మాత్రమే వాడాలి. బండి కూడా ఆ రకానిదే అయి ఉండాలి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

డీజిల్ బండ్లలో కరెంటు ఎక్కువగా 12 వోల్టులు. బ్యాటరీ బండ్లలో 24, 36, 48, 80 వోల్టులు ఉంటాయి. లైటు మీద రాసిన వోల్టేజీ మీ బండికి సరిపోవాలి, లేదా కన్వర్టర్ పెట్టాలి. బ్యాటరీ బండ్లలో బాడీని ఎర్త్ తీగలా వాడకూడదు, రెండు వైర్లూ విడిగా లాగి ఫ్యూజు పెట్టాలి. డ్రైవర్ తల మీది రక్షణ చట్రానికి రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం వద్దే వద్దు. పైనుంచి పడే సరుకు నుంచి అతన్ని కాపాడేది ఆ చట్రమే. క్లాంపులతో బిగించాలి. బండి నిర్మాణంలో ఏ మార్పు చేసినా తయారీదారు రాతపూర్వక అనుమతి ఉండాలి. అలారం వెనక్కి తిరిగి ఉండాలి, దిమ్మె లోపల దాక్కోకూడదు. రివర్స్ వేస్తే దానంతట అదే మోగాలి, స్విచ్ డ్రైవర్ చేతిలో ఉండకూడదు.

అలారం నోటికి టేపు అంటించి ఉంటే డ్రైవర్‌ను తిట్టకండి, ఎందుకు అంటించాడో అడగండి. మోత చాలాచోట్ల అవసరానికి మించి ఉంటుంది. దాన్ని సరిచేస్తే టేపు అక్కర్లేదు.

అన్ని బండ్లకూ ఒకేసారి కొనకుండా ముందు ఒక బండికి పెట్టి చూడండి. బండిని నిలిపి ఉంచి, అలారానికి విడిగా కరెంటు ఇచ్చి, పని జోరుగా ఉన్న వేళ పరీక్షించండి. రోజూ వాడే ఇయర్‌ప్లగ్గులతో నలుగురిని నిలబెట్టి, కళ్లు మూసుకుని శబ్దం ఎటు నుంచి వస్తోందో వేలు చూపించమనండి. నాలుగు వేళ్లు నాలుగు దిక్కులు చూపితే ఆ అలారం మీ గోడౌన్‌కు పనికిరాదు. తర్వాత ఒక హమాలీని తల మీద బస్తాతో నిలబెట్టి నీలి మచ్చ ఎక్కడ పడితే కనిపిస్తోందో అడిగి, అక్కడికి లైటు తిప్పండి. బిగించాక ప్రతి షిఫ్టు మొదట్లో హారన్, అలారం, లైట్లు చూసి పుస్తకంలో సంతకం పెట్టించండి.

మనుషుల దగ్గరికి రాగానే బండిని తనంతట తానే నెమ్మదింపజేసే ట్యాగులు, రాడార్లు, కెమెరాలు కూడా వచ్చాయి. పెద్ద గోడౌన్లకు అవి విలువైనవే. కానీ ట్యాగు ధరించినవాడినే ట్యాగు వ్యవస్థ గుర్తిస్తుంది. లారీ దిగి వచ్చిన క్లీనర్ దగ్గర ట్యాగు ఉండదు. గేటు దగ్గరే అతనికి ఒకటి ఇచ్చే ఏర్పాటు లేకపోతే, ఆ చోటు అందరికన్నా తక్కువ తెలిసినవాడే రక్షణ లేకుండా మిగులుతాడు.

బాధ్యత ఎవరిది?

పనిచోట ప్రమాదం లేకుండా చూడటం యజమాని విధి అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 7ఏ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా అదే బాధ్యతను యజమాని మీద ఉంచింది. లైటు పెట్టామని బిల్లు చూపితే ఆ విధి తీరదు. ఆ లైటు చేరాల్సిన మనిషికి చేరుతోందా అన్నదే దానికి కొలత. ఆ సంగతి కేటలాగులో ఉండదు, దుకాణదారుకు తెలియదు. రోజూ ఆ బండి పక్కన నడిచే హమాలీకి, స్కానర్ పట్టుకున్న అమ్మాయికి, మెడ తిప్పి నడిపే డ్రైవర్‌కు తెలుసు. ఎక్కడ ఉలిక్కిపడ్డారో, ఏ మూల దగ్గర త్రుటిలో తప్పించుకున్నారో వాళ్లు చెబుతారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి, చెప్పింది రాసుకుని, ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లండి.